ఇన్నం అనేదాకా

మొన్న పొద్దున భూపాలపల్లిలో మా గల్లీలోకి మైకు కట్టిన ఆటో ఒకటి వచ్చింది. ఏవో భూమి కొలతలట, అభ్యంతరాలున్న వాళ్లు వచ్చి చెప్పుకోవాలట. రికార్డు చేసిన గొంతు గడగడా అంతా అప్పజెప్పి మళ్లీ మొదటికొచ్చింది. మా వరసలో ఏడిళ్లుంటే అయిదింటికి తాళాలే. ఆరో ఇంటి పెద్దాయనకు చెవుడు. ఏడో ఇల్లు నాది. నేను ముఖానికి సబ్బుతోనే లుంగీ ఎగ్గట్టి ఆటో వెనకాల పరుగెత్తాను.

"ఏయ్, ఆగు! ఎవలకు చెప్తున్నవ్ నువ్వు?"

ఆటో అతను బిత్తరపోయాడు. "అందరికి సార్."

"అందరంటే ఎవలు? ఒక్కలన్న 'ఇన్నం' అన్నరా?"

"గది రికార్డింగ్ సార్. దానికెట్ల ఎరుక?" అని గేరు మార్చుకుని వెళ్లిపోయాడు. తప్పు అతనిది కాదు, పాపం.

గేటు దగ్గర నిలబడి మా ఆవిడ అంతా చూస్తోంది. "సార్ పోయి పది రోజులు గాలే, అప్పుడే గీయనకు పూనిండు" అంది. నాకు నవ్వొచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది. గల్లీ మధ్యలో అలా నిలబడి రెండూ కానిచ్చాను.

సార్ పేరు రాయను. దేవరుప్పుల, పాలకుర్తి చుట్టుపక్కల ఊళ్లలో సోషల్ సార్ అంటే ఆయనొక్కడే. మిగతా వాళ్లు సోషల్ చెప్పిన సార్లు, అంతే. సన్నగా, పొడుగ్గా, నడిస్తే ఎవరో తరుముతున్నట్టు ఉండేవాడు. సుద్దముక్కలు జర్దా డబ్బాలో పెట్టుకుని జేబులో వేసుకునేవాడు. పాఠం మంచి పట్టు మీదికి వచ్చిందంటే ఆయన వేళ్లు ఊరుకునేవి కావు. బల్ల మీద దరువు మొదలయ్యేది. ముందు మెల్లగా, తర్వాత తరగతి అంతా అదిరేలా. పక్క గదిలో లెక్కల సార్ గోడ మీద కొట్టి, "మీ పెండ్లి బారాత్ అయిపోయిందా సార్?" అని అరిచేవాడు.

ఆ దరువు ఊరికే వచ్చింది కాదు. సార్‌ది మానుకోట పక్కన పల్లె. కాగితాల మీద మహబూబాబాద్ అని ఎన్ని రాసినా ఆయన నోట మానుకోటే. ఆయన తండ్రి ఆ ఊరికి సాటింపు మనిషి. మెడలో డప్పు వేసుకుని, ఊరి నాలుగు మూలలా నిలబడి, పన్ను కట్టమనో, చెరువు తూము తీస్తున్నారనో చాటి చెప్పేవాడు. ఆయనకొక పట్టింపు ఉండేది. చాటిన తర్వాత అక్కణ్నుంచి కదిలేవాడు కాదు. ఎవరో ఒకరు గడపలోకి వచ్చి, విన్నామన్నట్టు, "ఇన్నం" అనాలి. అన్న మనిషి ఊరికే అన్నట్టు కాదు. తన గల్లీలో వినని వాళ్లందరికీ చెప్పే పూచీ ఆ మనిషిదే. ఒకసారి జోరు వానలో ఎవరూ తలుపు తీయకపోతే, తడిసిన డప్పు పట్టుకుని మధ్యాహ్నం దాకా చూరు కింద నిలబడ్డాడట. పట్వారీ తిట్టాడట.

"మా బాపు ఏమన్నడో ఎరుకేనారా?" అని సార్ ఏడాదికి పదిసార్లు అడిగేవాడు. మాకు ఎరుకే. అయినా ఎరుక లేదన్నట్టు చూసేవాళ్లం. "ఎవ్వలు ఇనకముందుకే పోతే అది సాటింపెట్లయితది దొరా, కుక్కల బెదిరిచ్చుడైతది అన్నడు."

తండ్రి పట్టింపు కొడుక్కు వచ్చింది. గంట కొట్టినా సరే, చివరి బెంచీ నుంచి "ఇన్నం సార్" వినపడందే సార్ మమ్మల్ని వదిలేవాడు కాదు. అన్నవాణ్ని నిలబెట్టి, "ఏమిన్నవో జెప్పు" అనేవాడు. అందుకని ఆ మాట అనడానికి అందరం జంకేవాళ్లం.

తొమ్మిదో తరగతిలో ఆస్ట్రేలియా పాఠం వచ్చింది. ఆ పాఠం ఇప్పటికీ నా ఒంట్లో ఉంది. సార్ సుద్దముక్క ఎత్తకుండా, బోర్డు వైపు సరిగా చూడకుండా, ఒక్క గీతలో ఆస్ట్రేలియా గీసేవాడు. "ఆరబెట్టిన మేకతోలు లెక్క లేదా?" అని తనే మురిసిపోయేవాడు. ఆ రోజూ అలాగే గీసి, పుస్తకం తెరిచి మొదటి వాక్యం చదివాడు. ఒక ఇంగ్లీషు కప్తాను ఆ తూర్పు తీరాన్ని కనుగొన్నాడు అని ఉంది. సార్ పుస్తకం టప్పున మూశాడు.

"కనుగొన్నడట! ఆడ వేల వేల యేండ్ల సంది మనుషులున్నరు. వాళ్ల పాటలున్నయ్, వాళ్ల దారులున్నయ్. ఏ వాగు ఎవలదో, ఏ గుట్ట ఎవలదో వాళ్లకెరుక. గీయన పడవల వచ్చి, జెండా పాతి, తుపాకులు పేల్చి, గీ తీరమంత మా రాజుది అని సాటింపు ఏసిండు." బల్ల మీద ఢమఢమా దరువు. "ఎవలిన్నరు? చెప్పుండ్రి!"

"ఎవ్వలు ఇనలే సార్!"

"మరి 'ఇన్నం' అన్నదెవలు?"

నేను ఊరుకోవచ్చు కదా. "కంగారూలు సార్!" అన్నాను.

తరగతి గొల్లుమంది. అందరికంటే ఎక్కువ సారే నవ్వాడు, బల్ల పట్టుకుని వంగిపోయి మరీ నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "వానిది సాటింపు కాదురా. మా బాపైతే గా పనికి కూలి గూడ తీసుకోకపోవు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గింది. వెనకనుంచి ఖైదీల ఓడలు ఎలా వచ్చాయో, గొర్రెల మందలు ఎలా దిగాయో, సొంత నేల మీద వేటాడిన వాడు దొంగ ఎలా అయ్యాడో చెప్పాడు. కొత్త జబ్బులు కొందరిని తిన్నాయి, తుపాకులు కొందరిని తిన్నాయి. తల్లుల దగ్గర్నుంచి పిల్లల్ని గుంజుకుపోయి హాస్టళ్లలో పడేసి, ఇంటి మాట మాట్లాడితే కొట్టారు.

అప్పుడు మూడో బెంచీలో ఒక లంబాడా అమ్మాయి లేచింది. ఏడాదంతా నోరు విప్పని పిల్ల. "మా హాస్టల్ల గూడ మా మాట మాట్లాడొద్దంటరు సార్" అంది.

సార్ సుద్దముక్క డబ్బాలో పెట్టేశాడు. "ఇన్నం బిడ్డా" అన్నాడు. మర్నాటి నుంచి సోషల్ పీరియడ్‌లో మొదటి అయిదు నిమిషాలు తండా పిల్లలే సార్లు. వాళ్లు తమ భాషలో నీళ్లు, బువ్వ, ఆకాశం అంటే ఏమంటారో చెప్పాలి, మేం పలకాలి. అందరికంటే అధ్వాన్నంగా పలికేది సారే. వాళ్లు పకపకా నవ్వేవాళ్లు. ఆయన వదలకుండా నేర్చుకున్నాడు. రిటైరయ్యే నాటికి తండాలో తగాదాలు వాళ్ల భాషలోనే తీర్చేవాడు.

ఇక ఉద్యమం రోజులు. అబ్బా, ఏం రోజులవి! నేను జనగామలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ని, మా ఊరి ఉద్యమ కమిటీకి కార్యదర్శిని. సమ్మె మొదలైంది. బళ్లు బంద్, బస్సులు బంద్, ఆఫీసులు బంద్. నెలజీతం లేదు, నిద్ర లేదు, ఒంట్లో అలుపన్నదే లేదు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకున్నాం, అక్కడే తిన్నాం, అక్కడే బతుకమ్మలాడాం. సినిమాల్లో మా మాటను తాగుబోతులకూ రౌడీలకూ అంటగట్టి నవ్వించిన వాళ్లకు, ఆ మాటతోనే జవాబు చెబుతున్నామని ఛాతీ రెండింతలయ్యేది. పిల్లల చదువు పాడవకుండా రోడ్డు మీదే తరగతులు పెడదామన్నాం. మొదటి పాఠానికి సార్‌ను పిలిచాం.

సార్ డప్పుతో వచ్చాడు. తండ్రి డప్పు. గడ్డిమంట వేసి కాచి, సిర్ర ఒక చేత, సిటికెన పుల్ల ఇంకో చేత పట్టుకుని రెండు దెబ్బలు వేసి చూసుకున్నాడు. తర్వాత సూర్యాపేట రోడ్డు మీద, ఈ అంచు నుంచి ఆ అంచుదాకా ముగ్గుపిండితో ఆస్ట్రేలియా వేశాడు. ఆగిపోయిన లారీల డ్రైవర్లు దిగొచ్చి చుట్టూ కూర్చున్నారు. అదే పాఠం, అదే కప్తాను, అదే దరువు. "ఎవలిన్నరు?" అంటే వెయ్యి గొంతులు "ఎవ్వలు ఇనలే!" అన్నాయి. కాపలాకొచ్చిన కానిస్టేబుల్ కూడా అన్నాడు, నేను చూశాను.

"రెండు వందల యేండ్లు దాటినంక," అని సార్ డప్పు ఆపాడు, "గా దేశపు దీవిల ఒకాయన కోర్టుకెక్కిండు. మా తోటలకు హద్దులున్నయ్, మా తాత ముత్తాతల సంది మావే, గిది ఎవలది కాని భూమి ఎట్లయితది అన్నడు. ఆయన పోయినంక తీర్పొచ్చింది. కోర్టు అప్పుడన్నది, ఇన్నం అని."

జనం చప్పట్లతో రోడ్డు దద్దరిల్లింది. నాకు ఆవేశం ఆగలేదు. మైకు గుంజుకుని, "మనం గూడ గా ఆదివాసులమే! మన మీద పడ్డోళ్లు గూడ గా కప్తాన్లే!" అని అరిచాను. ఈలలు, కేకలు. సార్ మాత్రం నవ్వలేదు. పక్కకు పిలిచి, "నీ కష్టం నీకున్నది, గది చెప్పు. వాళ్ల కష్టం తెచ్చి అంగీ లెక్క తొడుక్కోకు. నీకు పట్టదు" అన్నాడు. నాకు చురుక్కుమంది. ముసలాయనకు ఆవేశం తక్కువైంది అనుకున్నాను.

ఆ వారమే కమిటీ కూర్చుంది. రాష్ట్రం కోసం ప్రాణాలు తీసుకున్న పిల్లల పేరు మీద మా ఊళ్లో అమరుల స్తూపం పెట్టాలని తీర్మానం. ఎక్కడ? రోడ్డు పక్కనే, తండా ముందర, తంగేడు చెట్లు మొలిచిన జాగా ఉంది. బస్సులో పోయేవాళ్లందరికీ కనిపిస్తుంది. "తండా ముందరి ఖాళీ జాగ" అని నా చేత్తో, నా పెన్నుతో రాశాను. ఊళ్లో మైకులో చెప్పించాం. కరపత్రాలు అచ్చయ్యాయి. శంకుస్థాపనకు మూడు రోజులుందనగా సార్ మా ఇంటికొచ్చాడు, కరపత్రం చేతిలో పట్టుకుని.

"ఖాళీ అని ఎవలు సూసిండ్రు?"

"నేనే సార్. రోజు జనగామ బస్సులకెల్లి సూస్త గదా."

"బస్సులకెల్లి," అన్నాడు సార్. "కప్తాను పడవలకెల్లి సూసిండు."

ఆయన చేతిలోని కరపత్రంలో నా మాటే మళ్లీ చదివాను.

"తండాల సాటిచ్చిండ్రా?"

"ఊర్ల చెప్పినం సార్. తండా మన ఊరి శివారే గదా..."

సార్ భుజాన ఉన్న డప్పు తీసి నా మెడలో వేశాడు. మా ఇంటి అరుగు మీద, మా నాయిన చూస్తుండగా! తరతరాలుగా ఊరికి పెద్దరికం చేసిన ఇల్లు మాది. మా ఇంట్లో డప్పు కొట్టించిన వాళ్లే గానీ మెడలో వేసుకున్నవాడు లేడు. నాయిన చేతిలోని చాయ్ గ్లాసు అక్కడే ఆగిపోయింది. సార్ నాకు తండా మాటలో నాలుగు వాక్యాలు నేర్పాడు. రాత్రంతా బట్టీ పట్టాను.

తెల్లవారి పత్తి ఏరబోయే వేళకు తండా నడుమ నిలబడి డప్పు కొట్టాను. నా దరువు విని కోళ్లు పారిపోయాయి. నాలుగు వాక్యాలూ అప్పజెప్పాను. మొదటి వాక్యానికే ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. మా మాటకు సినిమా హాల్లో ఎవరో నవ్వితే నేను కుర్చీ తన్ని లేచిన వాణ్ని. ఇప్పుడు నా పలుకు నిజంగానే వంకర, ఆ నవ్వులో తప్పేమీ లేదు. కానీ నాలుగో వాక్యానికి, రాయి ఎక్కడ పెడుతున్నామో చెప్పేసరికి, నవ్వులు టక్కున ఆగిపోయాయి.

ఒక్కరూ "ఇన్నం" అనలేదు.

నిలబడ్డాను. సార్ దూరంగా రాయి మీద కూర్చుని పల్లికాయలు ఒలుచుకుంటున్నాడు, నా వైపు చూడడే! ఎండ ఎక్కింది. మెడ నొప్పి పుట్టింది. ఎవరూ పనికి పోలేదు. చివరికి ఒక పెద్దావిడ వచ్చింది. తండా అంతా ఆమెను యాడి అంటుంది, అమ్మ అని అర్థం. ఆమె నా చెయ్యి పట్టుకుని, డప్పుతో సహా, ఆ జాగాలోకి నడిపించింది. తంగేడు చెట్ల కింద చిన్న చిన్న రాళ్లు. బస్సులోంచి కనిపించని రాళ్లు. మోకాలెత్తు కూడా లేవు.

"పెండ్లయినోళ్లను కాలవెడ్తం బిడ్డా. కానోళ్లను గీడ పూడ్చి పెడ్తం" అంది తెలుగులో, నా కోసం. ఒక రాయి దగ్గర ఆగింది. "గిది నా బిడ్డ. ఏడేండ్లు. జరమొచ్చింది, దవాఖానకు పోయేటందుకు బండి దొరకలే."

ఒక చేత్తో నా చెయ్యి పట్టుకునే, ఇంకో చేత్తో రాయి మీది ఆకులు దులిపింది.

"మీ పోరగాండ్లు పానం తీసుకున్నరు. మాకు సుత ఏడుపొచ్చింది. మా తండా పోరలు సుత మీ జెండా వట్టిండ్రు. రాయి వెట్టుకోండ్రి, వద్దంటలేను. నా బిడ్డ మీద వెట్టకుండ్రి." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నువ్వు సాటిచ్చింది ఇన్నం. ఇగ నేను చెప్పింది నువ్విన్నవా? అను."

"ఇన్నం" అన్నాను. అనేదాకా చెయ్యి వదల్లేదు ఆమె.

అన్న తర్వాత చెప్పే పూచీ నాదే కదా. ఆ సాయంత్రం కమిటీలో చెప్పాను. రచ్చ రచ్చ అయింది. పెద్ద లీడరు వస్తున్నాడు, కరపత్రాలు పంచేశాం, ఇప్పుడు వెనక్కి తగ్గితే ఉద్యమం పరువేం కాను? నన్ను ద్రోహి అన్నవాళ్లూ ఉన్నారు. ఒకాయన, "గా జాగకు వాళ్లకు పట్టా ఉన్నదా?" అన్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ సార్ నవ్వాడు. "తెల్లోళ్లు గూడ కాయితమే అడిగిండ్రు" అన్నాడు. నాకు తిక్క లేచింది. "రోడ్డు పక్కన మా చెల్క లేదా? ఆడ వెడ్దాం" అనేశాను. అన్న తర్వాత గుర్తొచ్చింది, ఇంట్లో నాయిన ఉన్నాడని.

నాయిన ఇల్లు పీకి పందిరేశాడు. "గా రోడ్డు ముక్క బంగారం రా! నన్నడగకుంట ఎట్ల చెప్పినవ్?"

"ఖాళీగనే ఉన్నది గదా నాయినా. మూడేండ్ల సంది ఏం ఏస్తలేవు."

"ఏయకపోతే ఖాళీ అయితదార? మా తాత దున్నిన భూమది! ఎవడో వచ్చి ఖాళీ అంటే ఖాళీ అయితదా?"

అని ఆగిపోయాడు. తను అన్నది తనకే వినపడింది. అమ్మ వంటింట్లోంచి, "మీరన్నది బాగనే ఉన్నది. గా మాట తండాకు పోయి గూడ చెప్పుండ్రి" అంది. నాయిన కండువా దులుపుకుని బయటికెళ్లిపోయాడు. పొద్దుగూకి వచ్చి, రెండు గుంటల భూమి తీసుకొమ్మన్నాడు. బంగారం ముక్క కాదు లెండి, గుట్టవైపు రాళ్ల మూల. మా నాయిన మా నాయినే.

శంకుస్థాపన రోజు మాత్రం జాతరే! మానుకోట నుంచి సార్ చుట్టాలు నలభై డప్పులతో దిగారు. తండా ఆడవాళ్లు అద్దాలు కుట్టిన పేట్యా లంగాలు మెరిపిస్తూ వచ్చి ఆడారు. వెళ్లేటప్పుడు యాడి గుప్పెడు తంగేడు పూలు మా రాయి దగ్గర పెట్టింది. ఆ పూలు ఎక్కడివో నాకు తెలుసు. సార్ ఆఖర్న లేచి ఒక్క ముక్కే అడిగాడు, "ఇన్నరా?" అని. "ఇన్నం!" అన్న కేక పాలకుర్తి దాకా వినపడి ఉంటుంది.

రాష్ట్రం వచ్చింది. నాకు ఉద్యోగం వచ్చి భూపాలపల్లి చేరాను. సార్‌కు వయసు మీద పడి చెవులు మందగించాయి. ఫోను చేస్తే నేను అరవాలి, ఆయన అన్నిటికీ "ఇన్నం, ఇన్నం" అనాలి. వినకుండానే అంటున్నాడని నాకు తెలుసు. ఒకసారి ఆ మాటే అంటే, "నువ్వు చెప్పేటి ముచ్చట్లు నాకు ఇనకున్నా ఎరుకే" అని నవ్వాడు.

పది రోజుల కింద పొద్దున్నే కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. యాడి. మనవడి ఫోను.

"బిడ్డా, సారు పోయిండు."

వెనకాల డప్పులు వినిపిస్తున్నాయి. ఆమె ఆగి ఆగి చెప్పింది. "ముందుగాల తండాల సాటియ్యుండ్రి అని సారే చెప్పి పోయిండట. గట్లనే సాటిచ్చిండ్రు. ఎవ్వలకు నోరు రాలే. నేనే ఇన్నం అన్న. అన్నదాన్ని గదా, అందుకే నీకు ఫోన్ జేసిన."

ఆమె ఊపిరి వినపడుతూనే ఉంది, ఫోను పెట్టదు. డప్పులు ఆగి మళ్లీ మొదలయ్యాయి. నేను కుర్చీలో కూర్చున్నాను, మళ్లీ లేచాను. 'ఇన్నం' అన్నానంటే నిజమైపోతుంది. అనకపోతే ఆ ముసలి తల్లి అక్కడ అలాగే నిలబడి ఉంటుంది.

"ఇన్నవా బిడ్డా? అను."

"ఇన్నం యాడీ" అన్నాను.

అప్పుడు పెట్టేసింది. నేను అన్నాను కాబట్టి, ఇదిగో, మీకు చెబుతున్నాను.